ఇంట్లో పిల్లలు, శాలలో ఐస్‌లాండ్ గుర్రాలు: తరచుగా అడిగే ప్రశ్నలు

మాది నల్గొండ. ఉద్యోగం మీద ఐస్‌లాండ్ వచ్చి, రేక్యావిక్ దగ్గర ఇల్లు చూసుకుని ఇక్కడే ఉండిపోయాం. మాకు ఇద్దరు పిల్లలు, రెండు గుర్రాలు. పెద్దది స్క్యోని. విత్తులు కొట్టిన మగ గుర్రం, వయసు 23 ఏళ్లు. చిన్నది స్త్యార్నా, తొమ్మిదేళ్ల ఆడ గుర్రం. ఊరి నుంచి ఫోన్ చేసే చుట్టాలు, యూరప్‌లో ఉన్న తెలుగు స్నేహితులు మళ్లీ మళ్లీ అడిగే ప్రశ్నలన్నీ ఒకచోట పెడితే బాగుంటుందని ఇది రాస్తున్నాను.

ఇవి గుర్రాలా, పోనీలా?

ఎత్తు చూస్తే పోనీలే అనిపిస్తాయి. ఎక్కువ గుర్రాలు భుజం దగ్గర 130 నుంచి 145 సెంటీమీటర్ల ఎత్తు ఉంటాయి, బరువు 330 నుంచి 400 కిలోల మధ్య. కానీ ఇక్కడ వీటిని పోనీ అన్నారంటే ఎదుటివాళ్ల మొహం చిన్నబోతుంది. ఐస్‌లాండ్ భాషలో ఇది హెస్తుర్, అంటే గుర్రం. దట్టమైన ఎముక, బలమైన నడుము. ఎదిగిన మనుషుల్నే కొండలు, వాగులు దాటించిన జాతి. కార్లు, రోడ్లు రాకముందు ఈ దేశంలో పెళ్లికి వెళ్లాలన్నా, డాక్టర్‌ని తీసుకురావాలన్నా, శవాన్ని చర్చికి చేర్చాలన్నా గుర్రమే దిక్కు. అందుకే దీన్ని 'అందరికన్నా అక్కరకొచ్చే సేవకుడు' అనేవారు.

తోల్ట్ అంటే ఏమిటి? అందరూ దాని గురించే చెబుతారు కదా?

మామూలు గుర్రానికి నడక, దుడుకు నడక, దౌడు ఉంటాయి. ఈ జాతికి వాటితో పాటు తోల్ట్ ఉంటుంది, కొన్నింటికి స్కేయిద్ అనే అయిదో నడక కూడా ఉంటుంది. తోల్ట్‌లో ఎప్పుడూ ఏదో ఒక కాలు నేల మీద ఉంటుంది కాబట్టి పైన కూర్చున్నవాళ్లకి కుదుపు తెలియదు. చేతిలో నిండు గ్లాసు పట్టుకుని చుక్క ఒలకకుండా స్వారీ చేసే పోటీలు కూడా పెడతారు. నడుం నొప్పి ఉన్న మా అత్తగారు స్క్యోని మీద పది నిమిషాలు కూర్చుని, "బస్సు కన్నా ఇదే నయమే" అన్నారు.

పిల్లలకి మొదటి గుర్రంగా ఏ వయసుది కొనాలి?

పదిహేను దాటినది. ఇరవై అయినా భయపడక్కర్లేదు. ఈ ఒక్క విషయం ముందే తెలిసుంటే మా పాప కాలర్‌బోన్ విరిగేది కాదు.

మేం మొదట కొన్నది స్త్యార్నానే. అప్పుడు దానికి ఆరేళ్లు, పాపకి ఎనిమిది. నల్లటి ఒళ్లు, నుదుటి మీద చుక్క, కళ్ల మీద పడే జూలు. చూడగానే ఇంటిల్లిపాదీ మురిసిపోయాం. పిల్లతో పాటు గుర్రమూ పెరుగుతుంది, ఒకరినొకరు నేర్చుకుంటారు అని మాకు మేమే చెప్పుకున్నాం. అసలు లెక్క వేరు. ఈ గుర్రాలు నెమ్మదిగా ఎదుగుతాయి. సాధారణంగా నాలుగేళ్లు వచ్చేదాకా వీటి మీద ఎక్కరు. ఆరేళ్ల గుర్రం అంటే స్వారీ నేర్చుకుని ఒకటిన్నర, రెండేళ్లే అయినట్టు. అంటే ఇద్దరూ కొత్తవాళ్లే. పాపకి భయమేస్తే గుర్రానికి భయం, గుర్రం బెదిరితే పాపకి ఇంకా భయం.

గడ్డి చుట్టలకి ఇక్కడ తెల్లటి ప్లాస్టిక్ చుడతారు. ఒకరోజు గాలికి దాని ముక్కొకటి ఎగిరొచ్చి కంచెకి తగిలి పటపటలాడింది. స్త్యార్నా ఒక్క గెంతు గెంతింది. దాని తప్పు ఏమీ లేదు, ఆ వయసు గుర్రం చేసే పనే అది. తప్పు మాది. ఆరు వారాలు పాప చెయ్యి మెడకి కట్టుకుని తిరిగింది. ఆ తర్వాత మూడు నెలలు శాల వైపు రానంది.

అప్పుడు పక్క శాల పెద్దాయన స్క్యోని సంగతి చెప్పారు. వాళ్ల మనవలు పెద్దవాళ్లయి చదువులకి వెళ్లిపోయారు. "ఇది బార్నహెస్తుర్. దీనికి మళ్లీ పిల్లలు కావాలి" అన్నారు. బార్నహెస్తుర్ అంటే పిల్లల గుర్రం. ఈ దేశంలో ఒక గుర్రానికి ఇంతకన్నా పెద్ద మెచ్చుకోలు ఉందని నేననుకోను.

అంత నమ్మకమైన గుర్రం అంటే ఏం చేస్తుంది? కాస్త వివరంగా చెప్పండి.

ఒక్క సాయంత్రం సంగతి చెబుతాను. ఫిబ్రవరి, చీకటి పడింది, నేల మీద గట్టి మంచు. మా బాబుకి అప్పుడు అయిదేళ్లు. స్క్యోని మీద కూర్చోబెట్టి నేను పగ్గం పట్టుకుని నడిపిస్తున్నాను. చలికాలంలో వీటి బొచ్చు రెండు పొరలుగా దట్టంగా ఉంటుంది. జీను పట్టీ మొదట బిగుతుగానే ఉన్నా, పది నిమిషాలు నడిచాక బొచ్చు అణిగి వదులైపోతుంది. మళ్లీ బిగించాలి. ఆరోజు ఫోన్ రావడంతో నేను మర్చిపోయాను. మలుపు దగ్గర జీను బాబుతో సహా పక్కకి జారింది.

పగ్గం నా చేతిలో ఉందన్న మాటే గానీ నేను ఏమీ చేయలేదు. స్క్యోనియే ఆగిపోయింది. నాలుగు కాళ్లూ కాస్త ఎడంగా పెట్టి, మెడ దించి, ఒక చెవి వెనక్కి తిప్పి బాబు వైపు పెట్టింది. జీను దాని పొట్ట పక్కన వేలాడుతోంది, బాబు దాని కాళ్ల మధ్య మంచు మీద పడ్డాడు. లేపి, దులిపి, జీను విప్పి మళ్లీ కట్టేదాకా ఒక్క గిట్ట కదపలేదు. అంతా అయ్యాక గట్టిగా ఊపిరి వదిలింది, అంతే.

ఇది శిక్షణతో మాత్రమే వచ్చేది కాదు. పదిహేనేళ్లలో ఎంతమంది పిల్లలు దాని మీద నుంచి జారి ఉంటారో, ఎన్ని పట్టీలు ఊడి ఉంటాయో. అన్నీ చూసేసిన పాతకాపు అది. మా ఇంటికి ఇక్కడ పెద్ద దిక్కు లేదు, అమ్మానాన్నలు నల్గొండలో ఉన్నారు. గుర్రాల విషయంలో ఆ పెద్ద దిక్కు మాకు స్క్యోనియే. మావాడు దాన్ని 'తాత' అనే పిలుస్తాడు.

ముసలిదే కదా, చవకగా వస్తుందా?

రాదు. చాలామంది ఆశ్చర్యపోయే విషయం ఇది. సరిగా స్వారీ నేర్వని కుర్ర గుర్రం కన్నా, ఎవరినైనా క్షేమంగా తిప్పి తెచ్చే పదహారేళ్ల గుర్రానికి ఎక్కువ అడుగుతారు. పైగా మంచివి అమ్మకానికే రావు, ఒక ఇంటి నుంచి తెలిసిన మరో ఇంటికి చేతులు మారతాయి. కొన్నిసార్లు డబ్బు తీసుకోకుండా, "దీన్ని చివరిదాకా చూసుకుంటామని మాటివ్వండి" అని అడుగుతారు. మాకు అలాగే వచ్చింది. ఆ మాట డబ్బు కన్నా బరువైనదని తర్వాత తెలిసింది.

వయసు ఎంతో ఖాయంగా ఎలా తెలుస్తుంది?

నమోదైన ప్రతి ఐస్‌లాండ్ గుర్రానికీ ఒక గుర్తింపు సంఖ్య ఉంటుంది. వరల్డ్‌ఫెంగుర్ అనే డేటాబేస్‌లో ఆ సంఖ్య కొడితే తల్లి, తండ్రి, పుట్టిన ఊరు అన్నీ వస్తాయి. మొదటి రెండు అక్షరాలు పుట్టిన దేశం, ఐఎస్ అంటే ఐస్‌లాండ్. తర్వాతి నాలుగు అంకెలు పుట్టిన సంవత్సరం. ఆ తర్వాతి అంకె 1 అయితే మగ, 2 అయితే ఆడ. మెడలో మైక్రోచిప్ ఉంటుంది, దాన్ని స్కాన్ చేయించి సంఖ్యతో పోల్చి చూడండి. పళ్లు చూసి వయసు చెప్పే పెద్దవాళ్లు ఇప్పటికీ ఉన్నారు గానీ, సంఖ్య ఉండగా అంచనా ఎందుకు?

చూడ్డానికి వెళ్లినప్పుడు ఏమేం గమనించాలి?

మీరు వెళ్లేసరికి గుర్రానికి జీను వేసి సిద్ధంగా పెట్టి ఉంటే, ఇంకో రోజు చెప్పకుండా వస్తామని అనండి. మైదానంలో గుర్రాన్ని పట్టుకోవడం దగ్గర్నుంచి మీరు చూడాలి. మనిషిని చూసి పారిపోతోందా, నిలబడుతోందా? పిల్లల గుర్రమైతే పిల్లే వెళ్లి తలకి తాడు తగిలించగలగాలి. నాలుగు గిట్టలూ ఎత్తించండి. ముసలి గుర్రం వెనక కాలు ఎత్తడానికి ఇబ్బంది పడితే మడమ కీలు అరిగి ఉండొచ్చు. ఈ జాతిలో ఆ కీలు అరుగుదల మామూలే. అది ఉన్నంత మాత్రాన వద్దనక్కర్లేదు, కానీ ఎంత ఉందో వెటర్నరీ డాక్టర్‌తో చూపించాకే మాటివ్వాలి.

ముందు అమ్మేవాళ్లు ఎక్కాలి, తర్వాత మీరు, చివర్లో పిల్ల. మిగతా గుర్రాలను వదిలి ఒంటరిగా రోడ్డు మీదికి వెళ్తుందా అన్నది తప్పకుండా చూడండి. గుంపులో బుద్ధిగా ఉండి, ఒంటరిగా నడిపిస్తే ఇంటి వైపు లాగేవి చాలా ఉంటాయి. ట్రాక్టర్ పక్క నుంచి తీసుకెళ్లండి. వాగు ఉంటే దాటించండి. అన్నిటికన్నా ముఖ్యం, 'ఆగు' అంటే ఆగాలి. వేగం, అందం, పోటీల్లో మార్కులు అన్నీ ఆ తర్వాతే.

ఇంకో మాట. మందకొడి గుర్రాన్ని నెమ్మదైన గుర్రం అనుకోకండి. నొప్పితో ఉన్నది, అలసిపోయినది, స్వారీ మీద విసుగొచ్చినది కూడా నిశ్శబ్దంగానే నడుస్తుంది. చెవులు చూడండి. మంచి పాత గుర్రం చెవులు దారి వైపూ, మీ వైపూ మారుతూ ఉంటాయి. అది పని చేస్తున్నట్టు లెక్క.

ఏడాది పొడవునా ఇంటి పని ఎలా ఉంటుంది?

పట్నాల్లో ఉండేవాళ్లకి ఇంటి దగ్గర గుర్రాలు ఉండవు. ఊరి అంచున శాలల కాలనీ ఉంటుంది, రేక్యావిక్‌లో వీదిదాలుర్ అలాంటిదే. అక్కడి స్వారీ సంఘం ఫాకుర్ 1922 నాటిది. నాలుగైదు కుటుంబాలు కలిసి ఒక శాల పంచుకుంటాయి. పేడ ఎత్తడానికి, గడ్డి వేయడానికి వంతులుంటాయి. మా వంతు ఉదయం ఆరింటికి. పిల్లల బడి టిఫిన్ డబ్బాలు కట్టి, నేను శాలకి వెళ్లొస్తాను.

శరదృతువులో నాడాలు పీకేసి గుర్రాలను మైదానాలకి వదిలేస్తారు. క్రిస్మస్ దాటాక, సుమారు జనవరిలో, మళ్లీ శాలకి తెచ్చి మంచులో జారకుండా మేకులున్న నాడాలు కొట్టిస్తారు. ఆ రెండు మూడు నెలల సెలవు గుర్రానికి ఎంత అవసరమో, నిజం చెప్పాలంటే మాకూ అంతే అవసరం. ఏప్రిల్‌లో 'వేసవి మొదటి రోజు' అని ఒక పండగ. బయట మంచు పడుతున్నా అది వేసవే. ఆ రోజు చాలా చోట్ల ఊరి పిల్లలందరినీ గుర్రాల మీద కూర్చోబెట్టి నడిపిస్తారు. ఆ పనికి తెచ్చేవన్నీ స్క్యోని లాంటివే. తొమ్మిదేళ్ల వరకు పిల్లలకి పోటీల్లో పొల్లార్ అని ఒక విభాగం ఉంటుంది, అమ్మో నాన్నో పగ్గం పట్టుకోవచ్చు, అందరికీ బహుమతే. మావాడి మొదటి రిబ్బన్ ఫ్రిజ్ మీద ఉంది.

కుర్ర గుర్రానికి ముసలి గుర్రం వల్ల ఏమైనా లాభమా?

మేం చూసిన మార్పుల్లో పెద్దది ఇదే. ఇక్కడి గుర్రం పిల్లలు మందలో పెరుగుతాయి. ఎవరిని ముందు తాగనివ్వాలో, ఎక్కడ తప్పుకోవాలో పెద్దవే నేర్పుతాయి, అవసరమైతే పళ్లు చూపించి మరీ. సెప్టెంబరు చివర్లో స్కాగఫ్యోర్దుర్ ప్రాంతంలో లౌఫ్‌స్కాలారెత్ అనే చోట మైదానాల నుంచి గుర్రాల మందల్ని దించి, ఎవరివి వాళ్లకి వేరు చేస్తారు. ఒకసారి వెళ్లి చూశాం. కొండ మీద నుంచి వందలు దిగుతుంటే నేల అదిరింది.

స్త్యార్నా విషయానికొస్తే, స్క్యోని వచ్చిన వారానికే తేడా తెలిసింది. మొదటిసారి చెక్క వంతెన దగ్గర స్త్యార్నా మొరాయించింది. స్క్యోని ముందు నడిచింది, గిట్టల చప్పుడు టకటకా వినిపించింది. స్త్యార్నా దాని తోకకి ముక్కు ఆనించి వెనకే దాటేసింది. ఇప్పుడు ఒంటరిగానే దాటుతుంది. పదకొండేళ్ల మా పాప ఈ మధ్యే మళ్లీ స్త్యార్నా ఎక్కుతోంది, తనే అడిగి.

వయసు మీద పడ్డ గుర్రానికి తిండి ఎలా?

పళ్ల దగ్గర మొదలుపెట్టండి. దవడ పళ్లు అరిగే కొద్దీ అంచులు పదునెక్కి బుగ్గని కోస్తాయి. ఏడాదికి ఒకసారైనా డాక్టర్‌ని పిలిచి ఆకురాయితో ఆ అంచులు గీయించాలి. తొట్టి కింద సగం నమిలిన గడ్డి ఉండలు కనిపిస్తే ఆలస్యం చేయొద్దు. పోయిన చలికాలం నాకు అవే కనిపించాయి. గుప్పెడంత, తడిగా, ఆకుపచ్చ పేలికలు చుట్టినట్టు. స్క్యోని రోజంతా నములుతూనే ఉంది, ఒళ్లు మాత్రం తగ్గుతోంది. బొచ్చు దట్టంగా ఉండడంతో చూపుకి తెలియలేదు, చేత్తో తడిమితే పక్కటెముకలు లెక్కపెట్టేలా ఉన్నాయి. అప్పట్నుంచి వారానికోసారి చెయ్యి పెట్టి తడుముతాను. మీరు కూడా కళ్లని నమ్మకండి.

ఇప్పుడు దానికి గడ్డితో పాటు, గోరువెచ్చని నీళ్లలో నానబెట్టిన గడ్డి గుళికలు పెడుతున్నాం. జావలా అవుతుంది. పిల్లలే కలుపుతారు. స్త్యార్నా లాక్కోకుండా విడిగా నిలబెట్టి పెట్టాలి. చలికాలంలో నీళ్లు మరీ చల్లగా ఉంటే ముసలివి తక్కువ తాగుతాయి, దాంతో కడుపు నొప్పి వస్తుంది. తాగే నీళ్లు కూడా గోరువెచ్చగా ఇస్తే మంచిది.

వేరే జబ్బులు ఏమైనా ఉంటాయా?

వేసవి వచ్చినా బొచ్చు రాలకుండా గిరజాలు తిరిగి ఉంటే, ఊరికే చెమట పడుతుంటే, నీళ్లు అతిగా తాగుతుంటే కుషింగ్ అనే హార్మోన్ జబ్బేమో అని రక్తపరీక్ష చేయించండి. పూర్తిగా నయం కాదు గానీ రోజూ మాత్ర వేస్తే అదుపులో ఉంటుంది. వదిలేస్తే గిట్టల లోపల వాపు వస్తుంది, దాని నొప్పి చూడలేం. లావుగా ఉన్న గుర్రాలకి పచ్చి గడ్డి ఎక్కువైనా అదే ముప్పు. ముద్దు చేసి మేపడం ప్రేమ కాదు.

కీళ్లు పట్టేసిన గుర్రాన్ని శాలలో కట్టేయకండి. రోజూ మెల్లగా నడిపించాలి. మోసే బరువు తగ్గించాలి. సాధారణంగా జీనుతో కలిపి గుర్రం బరువులో అయిదో వంతు దాటకూడదని చాలామంది చెబుతారు, ముసలిదానికి అంతకన్నా తక్కువే మేలు. మా ఆయన స్క్యోని ఎక్కడం మానేసి రెండేళ్లయింది.

మేం జర్మనీలో ఉంటాం. ఐస్‌లాండ్ నుంచి ఇలాంటి పాత గుర్రాన్ని తెప్పించుకోవచ్చా?

తెప్పించుకోవచ్చు, కానీ దయచేసి వద్దు. కుట్టే చిన్న పురుగులు ఒక రకానివి మీ దగ్గర ఉన్నాయి, ఐస్‌లాండ్‌లో లేవు. ఇక్కడ పుట్టి పెరిగి అక్కడికి వచ్చిన గుర్రాల్లో చాలావాటికి ఆ కాట్ల వల్ల తీవ్రమైన దురద అలర్జీ వస్తుంది. జూలు, తోక రక్తం కారేదాకా రుద్దుకుంటాయి. ఇక్కడ లేని ఫ్లూ లాంటి అంటు జబ్బులు కూడా అక్కడ ఉన్నాయి. జీవితమంతా ఒక చోట గడిపిన ఇరవయ్యేళ్ల ప్రాణానికి ఆ కష్టం ఎందుకు? జర్మనీలోనే పుట్టిన ఐస్‌లాండ్ గుర్రాలు బోలెడు ఉన్నాయి, ఐస్‌లాండ్ బయట ఎక్కువగా ఉన్నది అక్కడే. అక్కడ పుట్టిన పదిహేడేళ్ల దాని కోసం వెతకండి.

ఒకసారి ఈ దేశం దాటిన గుర్రం మళ్లీ రాకూడదన్నది ఇక్కడి చట్టం. బయటి గుర్రాలకి ప్రవేశం లేదు, ఆ నిషేధం 982 నాటి నుంచీ ఉందని చెప్పుకుంటారు. ప్రపంచ పోటీలకి వెళ్లే ఐస్‌లాండ్ రౌతులు గెలిచినా ఓడినా గుర్రాన్ని అక్కడే వదిలి, జీను లేని చేతులతో ఇంటికొస్తారు. ఆ కట్టుబాటు కఠినంగా అనిపించొచ్చు, కానీ దానివల్లే ఇక్కడి గుర్రాలు ఎన్నో జబ్బులు ఎరగవు. 2010లో ఒక దగ్గు జబ్బు దేశమంతా పాకి, ఆ ఏడు జరగాల్సిన జాతీయ గుర్రాల పండగ లాండ్స్‌మోత్‌ని వాయిదా వేయాల్సి వచ్చింది. బయటి నుంచి వచ్చే చిన్న నలుసు ఎంత పని చేస్తుందో అప్పుడు అందరికీ తెలిసింది.

హైదరాబాద్‌లో పెంచుకోవచ్చా?

వద్దు. రెండు పొరల బొచ్చుతో మే నెల ఎండలో దాన్ని నిలబెట్టడం హింస. కానీ అక్కడ పిల్లల్ని స్వారీ స్కూల్లో చేర్పించేటప్పుడు ఈ సలహా అలాగే పనికొస్తుంది. గుర్రం ఏ జాతిదైనా, "మీ దగ్గరున్న వాటిలో అన్నిటికన్నా పాతది, నెమ్మదైనది ఏది?" అని అడగండి. పాపని దాని మీద ఎక్కించమనండి.

ఇక ఎక్కలేని వయసు వచ్చాక ఏం చేస్తారు?

ఈ ప్రశ్న అడిగేవాళ్లు గొంతు తగ్గించి అడుగుతారు. ఈ జాతి గుర్రాలు పాతికేళ్లు, ముప్పై ఏళ్లు కూడా బతుకుతాయి, కాబట్టి ఎక్కడం మానేశాక అయిదారేళ్లు ఊరికే మేపాల్సి రావచ్చు. గుర్రం గుడ్డిదైనా దాణా తప్పదని మనవాళ్లు విసుగుతో అనే మాట. నాకు అది బాధ్యతగానే వినిపిస్తుంది. మైదానం అద్దె, డాక్టర్, గిట్టలు కత్తిరించడం, ఇవన్నీ ముందే లెక్కేసుకోండి.

ఐస్‌లాండ్‌లో గుర్రం మాంసం తింటారు, చాలా గుర్రాలు కబేళాకే వెళ్తాయి. వ్యవసాయ దేశంలో అది ఇక్కడివాళ్లకి మామూలు విషయం, వాళ్లని తప్పుపట్టడానికి నేనెవర్ని? మేం మాత్రం పెద్దాయనకి మాటిచ్చాం. స్క్యోని తినలేని రోజు, పడుకుంటే లేవలేని రోజు వస్తే, డాక్టర్‌ని దాని దగ్గరికే పిలిపిస్తాం. ఆకులు రాలే కాలంలో, ఇంకో చలికాలం తట్టుకోగలదా లేదా అని నిజాయితీగా చూసుకోవాలి. మనకి బాధగా ఉందని జనవరి దాకా లాగడం దానికి న్యాయం కాదు. పిల్లలకి కూడా ఈ మాట ముందే చెప్పాం. పాప ఏడ్చింది. బాబు, "తాతకి చలెయ్యకూడదు కదమ్మా" అన్నాడు.

వేసవిలో వారం రోజులకి ఐస్‌లాండ్ వస్తున్నాం. ఒక గంట స్వారీ చేయాలంటే?

బుక్ చేసేటప్పుడు బరువు, అనుభవం నిజం చెప్పండి. పెళ్లిలో గుర్రం ఎక్కాను కాబట్టి వచ్చు అని చెప్పకండి. "ఎప్పుడూ ఎక్కలేదు" అంటే పాత గుర్రాన్నే ఇస్తారు, అదే మీ అదృష్టం. చున్నీ, స్కార్ఫ్ గాలికి ఎగరకుండా లోపలికి దోపుకోండి. హెల్మెట్ వాళ్లే ఇస్తారు. వేరే దేశంలో వాడిన జీను, కళ్లెం, తోలు గ్లౌజులు తీసుకురాకండి, ఎయిర్‌పోర్ట్‌లో ఒప్పుకోరు. వేరేచోట స్వారీకి వేసుకున్న బట్టలు శుభ్రంగా ఉతికి తెచ్చుకోండి. దిగాక గుర్రం మెడ మీద చెయ్యి వేసి ఒక్క నిమిషం నిలబడండి. జూలు కింద చెయ్యి పెడితే ఎంత వెచ్చగా ఉంటుందో మీకే తెలుస్తుంది.